మంగళవారం రీస్టార్ట్

ప్రభాకర్‌ను లారీ గుద్దలేదు.

పోలీసులు గుద్దిందనే రాసుకున్నారు. పినపాక దగ్గర రోడ్డు మలుపులో, పట్టపగలు, బైకు ఒక పక్క, మనిషి ఒక పక్క పడి ఉన్నారు. మెడ వెనక సూది గుచ్చిన గుర్తును ఎవరూ పట్టించుకోలేదు. లారీలు సూదులు గుచ్చవు.

చనిపోవడానికి పది నిమిషాల ముందు అతను ఒక నంబరుకు రెండు మాటలు పంపాడు. "మంగళవారం ఆపండి." ఏం ఆపాలో రాసే వ్యవధి అతనికి దొరకలేదు.

అది జరిగింది శనివారం. సోమవారం పొద్దున జయరాజ్‌ను ఖమ్మం మార్కెట్ యార్డుకు పిలిచారు.

మిర్చి సీజన్ ముగిసి నెలలైంది కానీ ఘాటు గోడల్లోనే ఉంది. కమిషన్ షాపులో తెల్లచొక్కా నలగకుండా కూర్చున్న మురళీకృష్ణ, ఢిల్లీకి తప్ప ఇంకెవరికీ జవాబు చెప్పనక్కర్లేని ఒక నిఘా విభాగానికి అధిపతి, జయరాజ్‌కు పైఅధికారి. పక్క షాపు వాళ్ళకు మాత్రం అతను పత్తి బేరగాడు.

"కూర్చోవయ్యా."

"నిలబడే వింటాను."

"పెలికాన్ ముఠా సంగతి విన్నావుగా?"

"విదేశాల్లో కూర్చుని మన కంప్యూటర్లలో దూరే దొంగలు. పిట్టల పేర్లు పెట్టుకుంటారు."

"ఈసారి దొంగతనానికి రావడం లేదు. భద్రాచలం అడవి అంచున, గుట్ట మీద వరద హెచ్చరిక కేంద్రం ఉంది. అందులో ఒక లినక్స్ సర్వర్. గోదావరి మట్టం యాభై మూడు అడుగులు తాకిన క్షణం దిగువ ఊళ్ళల్లో నలభై రెండు సైరన్లు మోగించేది అదే. వరద సమయంలో అవి మోగకుండా చేసి చూడాలని పెలికాన్ ఆలోచన. ఇక్కడ పారితే రేపు ఇంకా పెద్ద చోట. మనది వాళ్ళకు రిహార్సల్."

"రిహార్సల్లో పోయేది మనుషులు."

"అవును. ప్రభాకర్ ఆ సర్వర్‌ను చూసుకునే అడ్మిన్. ఏదో తేడా కనిపెట్టి మనకు రెండుసార్లు రాశాడు. శనివారం 'మంగళవారం ఆపండి' అని పంపింది కూడా మన నంబరుకే."

"మనం ఏం జవాబిచ్చాం?"

మురళీకృష్ణ బల్ల మీది పత్తి శాంపిల్‌ను వేళ్ళతో విడదీశాడు. "ఫైలు నడుస్తోంది," అన్నాడు.

జయరాజ్‌కు యాభై రెండేళ్ళు. మూడేళ్ళ కిందట అతని భార్య సవరమ్మ ఒక దవాఖానాలో, పడక పక్కన మానిటర్ ఉండగానే పోయింది. ఊరికే మోగుతోందని ఎవరో దాని అలారం ఆపేశారు. ఎవరు ఆపారో అతను కనుక్కున్నాడు. ఆ మనిషి క్షమాపణ అడిగితే వినకుండా వచ్చేశాడు. అప్పటినుంచి మోగాల్సినవి మోగకపోతే అతనికి నిద్ర పట్టదు.

"అక్కడ మన మనిషి ఒకామె ఉంది. దీపిక. కంపెనీ తరఫున ఆ సర్వర్ చూసే కన్సల్టెంట్. పెలికాన్ ఆమెను తమ ఏజెంటే అనుకుంటోంది. రెండేళ్ళుగా మనకు పనిచేస్తోంది."

"డబుల్ ఏజెంట్ ఎవరికి పనిచేస్తోందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు."

"నీకెవరి మీదా నమ్మకం లేదయ్యా."

"ఉండేది."

మురళీకృష్ణ ఒక చీటీ జరిపాడు. దాని మీద ఒక వరస అంకెలు, అక్షరాలు. పాస్‌వర్డ్ లేకుండా సర్వర్‌లోకి వెళ్ళడానికి అడ్మిన్‌లు వాడే డిజిటల్ తాళంచెవిని ఎస్ఎస్‌హెచ్ కీ అంటారు. ప్రతి కీకి మనిషి వేలిముద్రలా ఒక గుర్తు ఉంటుంది.

"ఆమె కీ గుర్తు ఇది. కోడ్ మాట నువ్వే మొదలుపెట్టాలి. 'డిస్టిల్డ్ వాటర్ ఎంత పొయ్యాలి?' జవాబు, 'గీత దాటకుండా.'"

వేషం బ్యాటరీ మెకానిక్‌ది. సంచిలో డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు, స్పానర్లు, ఒక బ్యాటరీ టెస్టర్. టెస్టర్ మూత తీస్తే లోపల అరచేతంత స్క్రీనూ కీబోర్డూ ఉంటాయి. తీగ సర్వర్ వెనక గుచ్చితే ఎవరి కంటా పడకుండా నేరుగా దాని గుండెతో మాట్లాడొచ్చు.

మంగళవారం పన్నెండున్నరకు జయరాజ్ గుట్ట ఎక్కాడు. టేకు చెట్ల మధ్య వాన ఎడతెరిపి లేకుండా పడుతోంది. కింద గోదావరి ఎర్రగా, వెడల్పుగా, చప్పుడు లేకుండా పోతోంది.

తలుపు తీసిన మనిషికి నలభై ఏళ్ళుంటాయి. పేరు బద్యా. ఆరేళ్ళుగా అక్కడ ఆపరేటర్. అతని వెనక గోడ మీద స్క్రీన్ 51.2 చూపిస్తోంది.

"ఎవలన్నా నువ్వు?"

"బ్యాటరీ మెకానిక్‌ను. యూపీఎస్ చూడమని పంపిండ్రు."

"రెండేండ్ల సంది రాస్తున్నం. గోదారి మీదికొచ్చిన దినమే దొరికిందా నీకు తీరిక?"

"రానిస్తవా, ఇక్కడ్నే తడవమంటవా?"

"రా రా. కాళ్ళు తుడుచుకో. మేడం చూస్తే నన్ను తిడతది."

యూపీఎస్ పక్కన కూర్చుని జయరాజ్ బ్యాటరీల మూతలు తీశాడు. లోపల పలకలు ఎండిపోయి ఉన్నాయి. రెండేళ్ళుగా ఒక్క చుక్క పోసినవాళ్ళు లేరు. వేషం కోసం వచ్చిన పని నిజంగానే చేయాల్సి వచ్చింది.

"కింద ఊళ్ళు ఖాళీ చేసిండ్రా?" అడిగాడు నీళ్ళు పోస్తూ.

"యాడ? మా తండ గా కట్ట కిందనే. మూడొందల మందిమి. పోయినేడు ఉత్తగనే రెండుపాలి లేపి బడిల పండబెట్టిండ్రు. తిరిగొచ్చేసరికి మేకలు లేవు, కోళ్ళు లేవు. మా ఆమె హేమ్లి అప్పుడే అనేసింది, సైరన్ మోగితెనే కదులుత, కలెక్టర్ వచ్చి కాళ్ళు మొక్కినా కదల అని. తండ మొత్తం ఆమె మాటే."

"నువ్వు పోయి చెప్పరాదు?"

"నేను చెప్తే ఇంటదా! పెండ్లయి పద్దెనిమిదేండ్లాయె, ఒక్కపాలి ఇనలే."

"ఫోన్?"

"పొద్దుగాల్నించి టవర్ లేదు."

నీళ్ళు యాభై మూడు దాటితే కట్ట మీదుగా దూకి అరగంటలో తండాలో ఉంటాయని కూడా బద్యా చెప్పాడు. చెబుతున్నంతసేపూ అతను గోడ మీది అంకెనే చూస్తున్నాడు. అప్పటికి 51.5.

బల్ల మీద పొడుగాటి పుస్తకం ఒకటి తెరిచి ఉంది. తేదీ, సమయం, సంతకం. ప్రతి వరసలోనూ మధ్యాహ్నం మూడు గంటలే. ప్రతి వరసా మంగళవారమే.

"ఇదేంది?"

"రీస్టార్ట్ రిజిస్టర్. వారానికోపాలి మిషన్ బంద్ చేసి చాలు చెయ్యాలె. పాత సారు పెట్టిపోయిన కాయిదా. టీవీ మొరాయిస్తే చేస్తం సూడు, గట్లనే. ప్రభాకర్ సారు వద్దని లొల్లి పెట్టిండు గని, ఆడిటోళ్ళొస్తే సంతకాలు అడుగుతరు గద. ఇయ్యాల గూడ మూడింటికి చేస్త."

జయరాజ్ చేతిలో డబ్బా ఆగింది. మంగళవారం ఆపండి. పెలికాన్ టైం బాంబు పెట్టనక్కర్లేదు. ఈ ఆఫీసే వారం వారం దానికి గడియారం అందిస్తోంది.

అప్పుడే తలుపు తోసుకుని ఒకామె వచ్చింది. మోకాళ్ళ దాకా నల్ల బూట్లు, మెరూన్ రెయిన్‌కోటు, వానలోనూ చెదరని జుట్టు. ఆమె వెంట ఆ అడవిలో ఎక్కడా పూయని పూల వాసన లోపలికొచ్చింది. బద్యా లేచి నిలబడ్డాడు.

జయరాజ్ తలెత్తకుండానే అన్నాడు. "డిస్టిల్డ్ వాటర్ ఎంత పొయ్యాలి?"

"గీత దాటకుండా," అంది దీపిక. "బద్యా, ఒకసారి కట్ట ఎలా ఉందో చూసిరా."

అతను గొడుగు తీసుకుని వెళ్ళగానే ఆమె కుర్చీ లాక్కుంది. ల్యాప్‌టాప్ తెరిచింది.

"పెలికాన్ సర్వర్‌లో ఏదో దింపింది. వెతికే టైం లేదు. ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే మెమరీలో ఉన్న చెత్తంతా పోతుంది. మూడింటిదాకా కూడా ఆగొద్దు, ఇప్పుడే చేయించండి."

"లాగ్‌లు చూశావా?"

"తుడిచేశారు. ఏం మిగల్లేదు."

"చూడకుండానే మందు రాస్తున్నావు."

"మీరు పాతకాలం మనిషి, జయరాజ్ గారూ."

"అవును."

సర్వర్ల దగ్గర అతను నేర్చుకున్నది ఒకటే. రీస్టార్ట్ జబ్బును నయం చేయదు, జబ్బు ఆనవాళ్ళను చెరిపేస్తుంది. సర్వర్ తన పనులన్నీ రాసుకునే లాగ్‌ను చూడకముందే రీస్టార్ట్ అనేవాడు బద్ధకస్తుడో దొంగో అయి ఉంటాడు. దీపిక బద్ధకస్తురాలిలా కనిపించలేదు.

టెస్టర్ తీగను సర్వర్ వెనక గుచ్చాడు. సైరన్లు మోగించే ప్రోగ్రాం పేరు కాపలా. నడుస్తోంది. బాగానే నడుస్తోంది. అది డిస్కులో ఏ ఫైలు నుంచి మొదలైందో అడిగాడు. సర్వర్ ఆ ఫైలు పేరు చెప్పి, పక్కన ఒక్క మాట చేర్చింది: డిలీటెడ్.



లినక్స్‌లో ఒక విచిత్రం ఉంది. నడుస్తున్న ప్రోగ్రాం ఫైలును డిస్కు నుంచి చెరిపేసినా, అది నడుస్తున్నంతసేపూ పూర్తిగా చావదు. పేరు పోతుంది, ప్రాణం ఉంటుంది. ఆపితేనే పోతుంది. ఎవరో అసలు కాపలాను చెరిపేసి, అదే పేరుతో ఇంకో ఫైలు పెట్టారు. ఆ కొత్త ఫైలును విప్పి చూశాడు. అది చేసేది ఒకే పని. నది ఎంత పెరిగినా 49 అడుగులని చూపిస్తూ కూర్చోవడం. రీస్టార్ట్ కొట్టిన మరుక్షణం అసలుది పోయి నకిలీది లేస్తుంది. నలభై రెండు సైరన్లు నోరు మూసుకుంటాయి.

బ్యాకప్‌లు చూశాడు. ఐదు రోజులవే దాచేలా పెట్టారు. ఐదింట్లోనూ నకిలీదే. బ్యాకప్ ప్రతిరోజూ దానంతట అదే నడిచింది. తీసి సరిచూసినవాడు ఒక్కడూ లేడు.

అసలు కాపలా ఈ లోకంలో ఒక్కచోటే మిగిలింది, నడుస్తున్న ఈ సర్వర్ మెమరీలో.

దీపిక ల్యాప్‌టాప్‌లో ఏదో టైపు చేసుకుంటోంది. ఆమె వైపు చూడకుండా జయరాజ్ బల్ల కిందికి వంగాడు. అక్కడ ఒక పాత డబ్బా కంప్యూటర్ ఉంది. బద్యా దాని మీద సద్దిగిన్నె పెట్టుకున్నాడు. కానీ దాని లైటు వెలుగుతోంది. దొంగ మొదట తుడిచేది ఇంట్లో ఉన్న ఆనవాళ్ళనే అని తెలిసిన ప్రభాకర్, సర్వర్‌లో జరిగే ప్రతిదీ నిమిష నిమిషానికీ ఈ డబ్బాలోకి కాపీ అయ్యేలా ఏర్పాటు చేశాడు. ఎవరికీ చెప్పలేదు. అందుకే మిగిలింది. జయరాజ్ సర్వర్ మీదుగా దాన్ని తెరిచి చూశాడు.

గురువారం, పదకొండు ఇరవై. ఒక కీతో ఎవరో లోపలికొచ్చారు. పదకొండు ఇరవై ఆరుకు కాపలా ఫైలు మారింది. జేబులోని చీటీ తీసి, కీ గుర్తును అక్షరం అక్షరం పోల్చాడు.

దీపికదే.

టైం రెండు ఇరవై. మట్టం 52.3.

మెమరీ నుంచి అసలు కాపలాను తీసి డిస్కు మీద దాని చోట దాన్ని పెట్టాడు. సర్వర్ నుంచి దీపిక కీని తీసేశాడు. ఇక ఆమెకు లోపలికి దారి లేదు అనుకున్నాడు. నిమిషం తర్వాత సరిచూస్తే డిస్కులో మళ్ళీ నకిలీదే ఉంది.

శిక్షణకు వచ్చిన కుర్రాళ్ళు ఈ తప్పు చేస్తే జయరాజ్ వాళ్ళ ముఖాన ఫైలు విసిరేవాడు. తాళంచెవి లాక్కుంటే కొత్తగా రాలేరు. అప్పటికే లోపల ఉన్నవాళ్ళు లోపలే ఉంటారు. అతను తనను తాను బూతులు తిట్టుకుని, తెరిచి ఉన్న సెషన్ కోసం వెతికి, దాన్ని తెంపేశాడు.

ఐదడుగుల దూరంలో దీపిక వేళ్ళు ఆగిపోయాయి.

"కనిపెట్టారన్నమాట," అంది తల తిప్పకుండా.

"ప్రభాకర్‌ను చంపింది ఎవరు?"

"నాకు తెలియదు. నేను అతని పేరు పంపానంతే."

"ఎవరికి?"

"ఇద్దరికీ. మీవాళ్ళు ఏం చేయలేదు. వాళ్ళు చేశారు." ల్యాప్‌టాప్ మూసింది. "రెండు వైపులా నమ్మించి బతకడం ఎలా ఉంటుందో మీకు తెలియదు. అక్కడ నా తమ్ముడు..."

"నాకెందుకు?"

ఆమె లేచి తలుపు వైపు నడిచింది. ఆపాలంటే అతను కీబోర్డు వదలాలి. డిస్కులో ఇంకా నకిలీదే ఉంది. జయరాజ్ ఆమెను పోనిచ్చాడు. కాపలాను రెండోసారి మెమరీ నుంచి బయటికి తీశాడు. పేరు సరిచూశాడు. సైజు సరిచూశాడు.

గదిలో లైట్లు ఆరిపోయాయి.

యూపీఎస్ కీచుమంది. కొత్త బ్యాటరీలైతే అరగంట వస్తాయి. ఎండిన పలకలకు గంటన్నర కిందట నీళ్ళు పోసినంత మాత్రాన ప్రాణం రాదు. కీచుకూ కీచుకూ మధ్య ఖాళీ తగ్గిపోతోంది.

కాపీ చేసిన ఫైలు వెంటనే డిస్కు మీద పడదు. కాసేపు మెమరీలోనే తచ్చాడుతుంది. ఆ కాసేపట్లో కరెంటు పోతే అది లేనట్టే. 'సింక్' అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాల ఆజ్ఞ ఇస్తే అంతా డిస్కు మీదికి దిగుతుంది. జయరాజ్ టైపు చేశాడు. ఎంటర్ నొక్కాడు. కర్సర్ కింది వరసకు దిగిందో లేదో, స్క్రీన్ నల్లబడింది. గోడ మీది అంకె కూడా పోయింది. ఆఖరుసారి అది చూపించింది 52.8.

సింక్ అయిందా, లేదా? చెప్పగలిగింది ఆ సర్వరే. అది చచ్చి ఉంది.

బద్యా తడిసి ముద్దై పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, నీళ్ళు కట్ట మొకం మీదికొచ్చినయ్! ఏంది, మిషన్ బంద్ జేసినవా?"

"మెయిన్ బోర్డు యాడుంది?"

"ఎనకాల."

ఇద్దరూ వానలో పరుగెత్తారు. గోడకు ఉన్న డబ్బా తలుపు ఊగుతోంది. మూడు ఫ్యూజులూ లేవు. దీపిక పీకి లోయలో విసిరేసింది. కింద దారిలో ఆమె కారు ఎర్ర లైట్లు మలుపు తిరిగి మాయమయ్యాయి.

కొత్త ఫ్యూజులు కొత్తగూడెంలో ఉంటాయి. నలభై కిలోమీటర్లు.

బద్యా ఒక్క క్షణం ఆ ఖాళీ గూళ్ళను చూశాడు. తర్వాత కంచెకు చుట్టిన బైండింగ్ వైరు పళ్ళతో, చేతులతో పీకాడు.

"ఏం చేస్తున్నవ్?"

"మా తండకు కరెంటోళ్ళు ఎన్నడొచ్చిండ్రన్నా? మేమే కట్టుకుంటం. జర దూరం జరుగు. నాకేమన్నయితే హేమ్లి నిన్ను బతకనియ్యది."

మెయిన్ స్విచ్ దించాడు. రబ్బరు చెప్పులు కాళ్ళకున్నాయో లేదో చూసుకున్నాడు. గొడుగును జయరాజ్ చేతికిచ్చి బోర్డు మీద పట్టమన్నాడు. మూడు గూళ్ళలోనూ వైరు మెలేసి బిగించాడు. ఏ నిఘా విభాగం మాన్యువల్లోనూ, ఏ పెలికాన్ పథకంలోనూ ఆ పని లేదు. కళ్ళు మూసుకుని స్విచ్ ఎత్తాడు. ఒక మెరుపు మెరిసింది. వైరు ఎర్రబడింది. నిలబడింది.

సర్వర్ లేవడానికి ఒకటిన్నర నిమిషం పట్టింది. తెల్ల అక్షరాలు వరస వెంట వరస ఎక్కిపోతున్నాయి. ఒకచోట ఆగి డిస్కు తనిఖీ చేస్తానంది. బద్యా ఏ దేవుణ్ణో తమ లంబాడీ భాష గోరుబోలిలో పిలుస్తున్నాడు. జయరాజ్ ఎవర్నీ పిలవలేదు. అతని దవడ మాత్రం కదులుతోంది.

కాపలా మొదలైంది అని ఒక వరస వచ్చింది. అసలుదా, నకిలీదా? రెండిటి పేరూ ఒకటే. గోడ మీది స్క్రీన్ వెలిగింది. అంకె లేదు. గీతలు మాత్రమే. నలభై తొమ్మిది అని పడితే అంతా అయిపోయినట్టే.

53.1.

గుట్ట మీది సైరన్ మొదట మోగింది. దాని వెనక కట్ట మీదిది. తర్వాత తండాది. తర్వాత కంటికి కనపడనంత దూరంలో, వాన వెనక, ఒక్కొక్కటిగా మిగతావన్నీ. బద్యా అక్కడే గచ్చు మీద కూలబడ్డాడు.

గుట్ట దిగడానికి ఒకే దారి. బురదలో జారుతూ, ఆగుతూ దీపిక కారు సగం దూరం పోయేసరికి ఎదురుగా మూడు ట్రాక్టర్లు, నూటయాభై మేకలు, తండా మొత్తం వస్తున్నారు. హారన్ కొట్టింది. మేకలు కదలలేదు. వెనక్కి తిప్పబోతే చక్రం గుంతలో దిగింది. వరదలో చిక్కుకున్న పట్నం ఆడమనిషి అనుకుని ఆడవాళ్ళే ఆమెను కారులోంచి లాగి, చెయ్యి పట్టుకుని భద్రంగా గుట్ట మీదికి తెచ్చి జయరాజ్‌కు అప్పజెప్పారు. అతను ఆమె చేతులు నెట్‌వర్క్ కేబుల్‌తో కుర్చీకి కట్టేశాడు.

సాయంత్రానికి నీళ్ళు తండా ఇళ్ళ కప్పుల దాకా వచ్చాయి. ఇళ్ళల్లో ఎవరూ లేరు.

కేంద్రం వరండాలో పొయ్యి పెట్టి అందరికీ టీ పోస్తున్న హేమ్లి లోపలికొచ్చింది. వణుకుతున్న దీపికను చూసింది. గ్లాసు నిండా టీ పోసి, కుడి చెయ్యి కట్టు తనే కొంచెం వదులు చేసి, వేళ్ళ మధ్య పెట్టింది. తర్వాత జయరాజ్ మీద పడింది.

"తడిసిన ఆడిపిల్లను గొడ్డును కట్టేసినట్టు కట్టేస్తవా? మనిషివేనా నువ్వు? నీకు పెండ్లాం లేదా?"

"లేదు," అన్నాడు జయరాజ్. "సైరన్ మోగకుండ మీ తండను ముంచుదామని చూసింది గీమెనే."

హేమ్లి బద్యా వైపు చూసింది. అతను తలూపాడు.

"నేను రెండు వైపులా..." అని దీపిక మొదలుపెట్టింది.

హేమ్లి ఆమె వేళ్ళ మధ్య నుంచి గ్లాసు తీసుకుంది. అక్కడే నిలబడి, తొందర లేకుండా, అడుగు దాకా తానే తాగేసింది. ఖాళీ గ్లాసు కొంగుకు తుడుచుకుని, వదులు చేసిన కట్టు మళ్ళీ బిగించి వెళ్ళిపోయింది.

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఇంత త్వరగా తేలిన విచారణను జయరాజ్ చూడలేదు.